తొమ్మిది అరల పుటలు

మన బడిలో తపాలా బిళ్ళల ఆల్బమ్ పెట్టుకున్న వారందరికీ సోషల్ మాస్టారు విధించిన మొదటి నియమం గుర్తుండే ఉంటుంది: బిళ్ళకు బంక పూయకూడదు, సన్నని కాగితపు పట్టీతో (హింజ్‌తో) మాత్రమే నిలపాలి, ఎప్పుడు కావాలన్నా ఎత్తి వెనుక వైపు చూడగలిగేలా ఉండాలి. న్యూజెర్సీలో స్థిరపడ్డాక బిళ్ళలు వదిలేసి బేస్‌బాల్ కార్డుల్లో పడ్డాను గాని, ఆ నియమాన్ని మాత్రం వదలలేదు. మన పూర్వ విద్యార్థుల ఈ సంచికకు ఉద్యోగ విశేషాలు రాసేవారు ఎలాగూ చాలామంది ఉంటారు కనుక నేను కార్డుల సంగతే రాస్తున్నాను.

బేస్‌బాల్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉండే అట్టముక్క. ముందు ఆటగాడి ఫొటో, వెనుక అతడు ఏ ఏట ఎన్ని హోమ్ రన్లు కొట్టాడో, బ్యాటింగ్ సగటు ఎంతో తెలిపే పట్టిక ఉంటాయి. ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో, తర్వాత బబుల్‌గమ్ ప్యాకెట్లలో వచ్చేవి. నా సేకరణలో అధికభాగం టాప్స్ సంస్థ 1980లలో ముద్రించినవే. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి కార్డులు ఎంత విరివిగా అచ్చయ్యాయంటే, నేటికీ వాటికి పెద్దగా ధర లేదు. పొరుగింటివారు గరాజ్ సేల్‌లో పెట్టిన అట్టపెట్టె ఒక్కటి కొంటే చాలు, ఏరుకోవడానికి కొన్ని నెలల పని దొరుకుతుంది. మదుపరులు ఈ కాలపు కార్డులను చెత్త కింద జమకట్టడం నాబోటి వాడికి మేలే చేసింది.

సర్దడంలో అసలు ప్రశ్న వరుస. జట్లవారీగా పెట్టాలా, నంబరు ప్రకారం పెట్టాలా అన్నది సేకర్తల మధ్య ఎన్నటికీ తెగని వాదం. నేను నంబరు పక్షం. 1982 నుంచి 1992 వరకు టాప్స్ ఏటా 792 కార్డుల సెట్ వేసింది. ఒక్కో ముద్రణ షీటుకు 132 చొప్పున ఆరు షీట్లన్నమాట. పుటకు తొమ్మిది అరలుండే ప్లాస్టిక్ పుటల్లో పెడితే ఆ 792 సరిగ్గా 88 పుటల్లో ఇమిడిపోతాయి, ఒక్క అర కూడా మిగలదు. లేని కార్డు ఎక్కడ లేదో ఖాళీ అరే చెబుతుంది. పైగా ఆ నంబర్లు గుడ్డిగా వేసినవి కావు: వందతోనో యాభైతోనో ముగిసే సంఖ్యలను టాప్స్ సాధారణంగా పేరున్న ఆటగాళ్ళకు కేటాయించేది. ఆ ఏడు ఎవరిని గొప్పవాడిగా ఎంచారో నంబరే పట్టిస్తుంది. జట్లవారీగా విడగొడితే ఆ సమాచారం చెదిరిపోతుంది.

వరుస కార్డుల మీద ఎలాంటి గుర్తులు వదులుతుందో చెప్పడానికి 1952 టాప్స్ సెట్‌ను మించిన ఉదాహరణ లేదు. మొత్తం 407 కార్డులున్న ఆ సెట్‌లో ఒకటో నంబరు ఆండీ పాఫ్కోది. పిల్లలు కార్డులను నంబరు ప్రకారం పేర్చి రబ్బరు బ్యాండు బిగించేవారు. ఒత్తిడీ ఒరిపిడీ అన్నీ పైనున్న పాఫ్కోకే తగిలాయి. అంచులు చెడని పాఫ్కో కార్డు అరుదు కావడంతో, ఆటగాడిగా అతని స్థాయికి ఎన్నో రెట్లు మించిన ధర పలుకుతుంది. అదే సెట్‌లో 311వది మికీ మాంటిల్, పక్కనే 312వది జాకీ రాబిన్సన్, ఇద్దరూ దిగ్గజ ఆటగాళ్ళే. 2022లో ఒక మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఆ సెట్ రూపకర్త సై బర్గర్ 1960లో అమ్ముడుపోని పెట్టెలను పడవలో తీసుకెళ్ళి అట్లాంటిక్‌లో పారబోయించాడు. అది గుర్తొచ్చి, ఆ ధర చదివినప్పుడల్లా నాకు నవ్వే వస్తుంది.

పుటల ప్లాస్టిక్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. పాత పీవీసీ పుటలు కాలం గడిచేకొద్దీ జిగటబారి అచ్చు సిరాను పీల్చుకుంటాయి కాబట్టి పాలీప్రొపిలీన్ పుటలే కొనాలి. బైండరు రింగులు గుండ్రంగా కాక డి ఆకారంలో ఉంటే పుటలు వంగిపోకుండా నిటారుగా నిలుస్తాయి. ఇక్కడి ఇళ్ళ బేస్‌మెంట్లలో చెమ్మ ఎక్కువ, అందుచేత బైండర్లను పై అంతస్తులోనే ఉంచుతాను. గోడ మీద ఒకే ఒక ఫ్రేము, అదీ ఎండ పడని చోట. ప్రస్తుతం అందులో 1987 నాటి తొమ్మిది కార్డులున్నాయి. ఆ ఏటి కార్డుల అంచు చెక్క నమూనాలో ఉండటంతో పక్కపక్కన బాగా నప్పుతాయి. రంగు వెలియకుండా అప్పుడప్పుడూ వాటిని మారుస్తుంటాను. ఫ్రేములో పెడితే వెనుక పట్టిక కనబడదన్న అసంతృప్తి మాత్రం ఉంది. గట్టి ప్లాస్టిక్‌లో బిగించి పదికి ఇన్ని మార్కులని గ్రేడింగ్ చేయించే పద్ధతి నాకు రుచించదు, చదవవలసిన కార్డు అక్కడ ధరచీటీ అయిపోతుంది.

సిరక్యూస్‌కు చెందిన సేకర్త జెఫర్సన్ బర్డిక్ తన 30,000కు పైగా బేస్‌బాల్ కార్డులను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, తానే అక్కడ కూర్చుని ఆల్బములలో అతికించి, 1963 జనవరిలో ఆ పని ముగించి మార్చిలో కన్నుమూశాడు. ఆయన అతికించింది జిగురుతో. మన మాస్టారు చూస్తే చెవి మెలిపెట్టేవారు. అయినా టీ206 (ఒక పాత సిగరెట్ కార్డుల సెట్‌కు గుర్తు) వంటి వర్గీకరణ సంకేతాలు ఆయన పెట్టినవే, సేకర్తలు నేటికీ వాటినే వాడుతున్నారు.

సెట్లు పూర్తయ్యాక మిగిలిన రెండో ప్రతులను మాత్రం నేనూ జట్లవారీగానే పెట్టెల్లో సర్దుతాను. వాటిని వీధిలోని పిల్లలకు పంచుతాను, వాళ్ళు వచ్చి నంబరు అడగరు. యాంకీస్ ఉన్నాయా, మెట్స్ ఉన్నాయా అని అడుగుతారు.