నీళ్ల గిన్నెలో నల్ల చుక్కలు

పటమటలో మా వెనక గదిలో నాలుగు బాల్ పైథాన్‌లు (పెంపుడు కొండచిలువలు) ఉన్నాయి, అన్నీ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదైనవే. మొన్న ఐదోది వచ్చింది. ఆరోగ్యంగానే కనిపించింది, వాటి పక్కనే పెట్టబోయాను. "కొత్త కోడినైనా కొన్నాళ్లు విడిగా ఉంచుతాం కదరా" అంది అమ్మ. సరేనని ముందు గదిలో పెట్టాను.

పదకొండో రోజు దాని నీళ్ల గిన్నెలో ఆవగింజ కంటే చిన్న నల్ల చుక్కలు. మైట్స్, పాముల ఒంటికి పట్టే సన్న పురుగులు! రక్తం తాగడమే కాదు, ఒక పాము నుంచి ఇంకోదానికి రోగాలూ మోయగలవు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పాతవాటి పని పూర్తయ్యాకే దాని దగ్గరికి వెళ్తున్నా. పట్టకారు కూడా వేరే. 90 రోజులు ఇంతే. కొండచిలువల ఊపిరితిత్తులకు సోకే నిడోవైరస్ పైకి కనిపించకుండా నెలల తరబడి ఉండొచ్చు, దానికి మందు లేదు.

నిన్న గిన్నెలో నీళ్లు తేటగా ఉన్నాయి. టార్చ్ వేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నా.