ఛాసిస్ నంబరు చూసిన కళ్లు

నా బల్ల మీదికి ఏ తుపాకీ వచ్చినా ముందు చేసే పని ఒకటే. తెరిచి, లోపల తూటా ఉందేమో చూడటం. తెచ్చినవాడు చూశానన్నా, వాడికంటే ముందు ఇంకొకడు చూశానన్నా, నేనూ చూడాలి. ఆ తర్వాతే టార్చి, టేపు, భూతద్దం.

ఒహాయోలో డేటన్ దగ్గర ఒక వేలం సంస్థలో పని నాది. చనిపోయినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన పాత తుపాకులను పరిశీలించి, ఫొటోలు తీసి, కేటలాగులో వివరం రాయాలి. ఎక్కువగా వచ్చేవి ట్రాప్ అనే ఆటకు వాడే షాట్‌గన్‌లు, అంటే ఒక్క దెబ్బకు బోలెడు చిన్న గుళ్లు చిమ్మే తుపాకులు. ఈ ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "అవి పేలవు కద నాన్నా?" నాన్న అడిగింది వేరు: "మెషినింగ్ ఎలా ఉంటుందిరా?"

నాన్న ముప్ఫై ఏళ్లకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేశాడు. సెలవుల్లో నేనూ షెడ్డులోనే ఉండేవాణ్ణి. సెకండ్ హ్యాండ్ లారీ కొనేవాళ్లు బేరానికి ముందు నాన్నను పిలిచి ఛాసిస్ నంబరు చూపించేవాళ్లు. గ్రైండింగ్ చేసి మళ్లీ పంచ్ కొట్టిన నంబరును ఆయన వేలితో తడిమి చెప్పేవాడు. ఆ విద్యతో అమెరికాలో బతుకుతానని అప్పుడు ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి.

మొదట ఇక్కడికి వచ్చింది మెకానికల్ ఇంజినీరుగా, హెచ్-1బి మీద, కారు విడిభాగాల క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ పనికి. తోటివాళ్లు శనివారం షూటింగ్‌కు రమ్మనేవాళ్లు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ, వాటిని నమ్ముకుని వీసాతో ఆటలాడే ధైర్యం ఎవడికుంది? ఏదో ఒక సాకు చెప్పి తప్పుకునేవాణ్ణి. గ్రీన్ కార్డు వచ్చిన రెండో ఏడు ఆ ప్లాంటు మూతపడింది. అప్పుడు దొరికిందీ పని.

ట్రాప్ అంటే ఎగిరే పళ్లేన్ని కొట్టే ఆట. తారు, సున్నపురాయి పొడి కలిపి పోతపోసిన చిన్న పళ్లేన్ని ఒక యంత్రం ముందుకు విసురుతుంది. షూటరు దాని వెనక కనీసం 16 గజాల దూరంలో నిలబడి కొట్టాలి. రౌండుకు 25 పళ్లేలు. మొదట్లో నిజం పావురాళ్లనే పెట్టెల్లోంచి వదిలేవాళ్లు. ఆ పెట్టె పేరే ట్రాప్. తర్వాత గాజు బంతులు వచ్చాయి. 1880 ప్రాంతంలో మాకు గంట ప్రయాణంలో ఉన్న సిన్సినాటిలో జార్జ్ లిగౌస్కీ అనే ఆయన మట్టి పళ్లేలు తయారుచేశాడు. ఇప్పుడు అందులో మట్టి లేకపోయినా క్లే పీజియన్, అంటే మట్టి పావురం, అనే పేరు మాత్రం మిగిలింది. మా పక్కనే ఉన్న వాండేలియాలో 1924 నుంచి 2005 దాకా గ్రాండ్ అమెరికన్ పోటీలు జరిగాయి. ఆ తర్వాత ఇల్లినాయ్‌లోని స్పార్టాకు తరలిపోయాయి. అందుకే ఈ చుట్టుపక్కల ఏ ముసలాయన బీరువా తెరిచినా ఒక ట్రాప్ గన్ ఉంటుంది. మనవాళ్లకు చెప్పాలంటే, హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన ట్రాప్ దీనికి అన్నదమ్ముల వరస.

పళ్లెం ఎప్పుడూ మన నుంచి దూరంగా, పైకి లేస్తూ పోతుంది. కాబట్టి ఈ తుపాకీ కాస్త పైకి కొట్టాలి. భుజానికి ఆనించే చెక్క ఎత్తుగా ఉంటుంది. గొట్టం 30, 32 అంగుళాలు, కొన్నిటికి 34. కొసన గొట్టం ఇరుకవుతుంది, దాన్ని ఫుల్ చోక్ అంటారు. గుళ్లు త్వరగా చెదిరిపోకుండా. గొట్టం పైన పొడవునా పట్టీ ఉంటుంది, దాన్ని రిబ్ అంటారు. ఇవన్నీ ఉంటే ట్రాప్ గన్ అని చిన్నపిల్లాడైనా చెప్తాడు. ఫ్యాక్టరీ నుంచి ఇలాగే వచ్చిందా, మధ్యలో ఎవరైనా ఇలా చేయించారా అన్నదగ్గరే అసలు తంటా.

నన్ను ముంచింది విన్‌చెస్టర్ మోడల్ 12. 1912లో మొదలై 1960ల దాకా దాదాపు 20 లక్షలు తయారైన పంప్ గన్, అంటే ముందు చేతిపట్టును వెనక్కి లాగి ముందుకు తోస్తే తర్వాతి తూటా ఎక్కే తుపాకీ. మన అంబాసిడర్ కారులా ఎక్కడ చూసినా అదే. దీని గొట్టాన్ని పనిముట్లు లేకుండా తిప్పి ఊడదీయొచ్చు. ఒకే బీరువాలో రెండుంటే ఒకదాని గొట్టం ఇంకొకదానికి చేరిపోతుంది. అందుకే తలకిందులు చేసి చూడాలి. రిసీవరు, అంటే యంత్రభాగాలుండే ఇనప పెట్టె, దాని ముందు అంచు కింద ఒక నంబరు, దానికి ఆనుకుని గొట్టం వైపు భాగం మీద అదే నంబరు ఉండాలి. నేను చూశాను, రెండూ కలిశాయి. గాలి ఆడే ఖాళీలున్న చక్కటి రిబ్ కూడా ఉంది. "ఫ్యాక్టరీ వెంటిలేటెడ్ రిబ్" అని రాసేశాను.

కొన్నాయన పెట్టె విప్పిన రోజే ఫోన్ చేశాడు. మా సెక్షన్‌లో డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దాయన ఒకరున్నారు. కుర్రాడిగా వాండేలియాలో స్కోరు పలకలు మోసినాయన. తుపాకీ తిరిగొచ్చాక నన్ను పిలిచి గొట్టం మొదట్లో చూడమన్నాడు. కంపెనీ తన పరీక్ష ముద్రను, గుడ్డు ఆకారంలో డబ్ల్యూ, పీ అక్షరాలను, మామూలుగా గొట్టం నడినెత్తిన కొడుతుంది. రిబ్‌తో చేసిన తుపాకీకైతే నడినెత్తిన చోటుండదు కాబట్టి ముద్ర పక్కకి జరుగుతుంది. నేను చూసినదాని ముద్ర సగం రిబ్ కింద దాక్కుని ఉంది. అంటే ముద్ర ముందు, రిబ్ తర్వాత. రిబ్ పక్కన సన్నటి అక్షరాల్లో కాన్సస్ సిటీకి చెందిన సిమన్స్ పేరు కూడా ఉంది. మంచి పనివాళ్లే వాళ్లు, ఆ రోజుల్లో వేల తుపాకులకు రిబ్‌లు వేశారు. కానీ ఫ్యాక్టరీ కాదు. డబ్బు వాపసు, రవాణా ఖర్చు మా నెత్తిన. పెద్దాయన ఒక్క మాటే అన్నాడు: "నంబరు చూశావు, ముద్ర చూడలేదు." అక్కడ నాన్న ఉండుంటే ఆయనా అదే అనేవాడు, ఇంకాస్త గట్టిగా.

ఇంకో తప్పు చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. పాత జంట గొట్టాల తుపాకుల స్క్రూల గాడి జుట్టంత సన్నగా ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవరు ముక్కు కోసుగా ఉంటుంది కాబట్టి జారి గాడి అంచు కొరికేస్తుంది. దీనికి ముక్కు చదునుగా అరగదీసిన వేరే స్క్రూడ్రైవర్లు ఉంటాయి. ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి, నాకు తెలియదా అనుకుని చేతికి దొరికినది పెట్టాను. ఆ గీత ఇంకా కళ్లముందే ఉంది.

బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ సూపర్‌పోజ్డ్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలుండే షాట్‌గన్, వస్తే మాత్రం స్క్రూలు విప్పి తీరాలి. 1960ల చివర్లో వాల్‌నట్ చెక్కను త్వరగా ఆరబెట్టడానికి ఉప్పు వాడారు. ఆవకాయ జాడీలో ఇనప గరిటె వదిలేస్తే ఏమవుతుందో మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చుకుని, చెక్క తగిలిన ఇనుమునంతా లోపల్లోపలే తినేసింది. పైకి పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది. వెనక ప్లేటు విప్పితే స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. అనుమానం వస్తే చెక్క లోపలి వైపు ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తాం. తెల్లగా మారితే ఉప్పున్నట్టే.

తయారైన ఏడాది తెలియడం సరదా కోసం కాదు. 1898తో సహా అంతకుముందు తయారైనది చట్టం దృష్టిలో యాంటిక్, కొనేవాడు ఫెడరల్ కాగితాలు నింపక్కర్లేదు. 1899ది అయితే నింపాలి. అందుకే పార్కర్ అనే పాత కంపెనీ తుపాకీ వస్తే గొట్టాలు విడదీసి, లోపలి చదునైన చోట నంబరు చూసి, పార్కర్ సేకర్తల సంఘానికి రాసి ఉత్తరం తెప్పిస్తాం. ఆ నింపే కాగితం పేరు ఫారం 4473. అందులో పుట్టిన దేశం, పౌరసత్వం గడులుంటాయి. కొనడానికి వచ్చినవాళ్లు ఆ గడులు నింపుతూ ఒకసారి నా పేరు పట్టీ వైపు చూస్తారు. మాట అనరు, చూస్తారంతే.

ఇక్కడి తెలుగువాళ్ల పార్టీల్లో "గన్స్ అమ్ముతావటగా" అని అడిగి రెండడుగులు వెనక్కి వేసేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టను. తుపాకీ పట్టుకుని ఎవడైనా వస్తే ఎలా దాక్కోవాలో స్కూళ్లలో పిల్లలు డ్రిల్లులు చేసే దేశంలో ఉన్నాం. నా ఇంట్లో కూడా ఒక్క తుపాకీ లేదు.

పోయిన శీతాకాలం ఒకావిడ భర్త తుపాకీ తీసుకొచ్చింది. తోలు సంచీ చూసి నవ్వొచ్చింది, వీళ్లు దాన్ని లెగ్ ఆఫ్ మటన్ కేస్ అంటారు, నిజంగా మేక తొడలాగే ఉంటుంది. లోపల ఇథాకా కంపెనీ ఒంటి గొట్టం ట్రాప్ గన్. నంబరు 4 లక్షల పైన ఉంది. అంటే 1922లో కంపెనీ ఫ్రాంక్ నికర్‌బాకర్ అనే ఆయన డిజైన్‌కు మారాక తయారైనది, అంతకుముందు వచ్చిన ఫ్లూస్ రకం కాదు. నంబర్లు కలిశాయి, నగిషీ బాగుంది. చెక్క మాత్రం వెనక అంగుళం కోసి ఎర్ర రబ్బరు ప్యాడ్ వేశారు. "నాకు నేర్పడానికి కోశాడు," అందావిడ. సేకర్తలకు అది లోపం, ధర తగ్గించాలి. తగ్గించాను, మనసొప్పకపోయినా.

గొట్టం మీది నీలినలుపు పూత నిగనిగలాడుతోంది. ఆ పనితనం చూపిద్దామని నాన్నకు వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పెట్టాను. పది నిమిషాల్లో ఫోన్.

"ఏరా, ఆ అక్షరాల అంచులు చూశావా? గుండ్రంగా అరిగాయి. స్క్రూ రంధ్రం చుట్టూ దొన్నెలా లోపలికి దిగింది. బఫ్ పట్టించి మళ్లీ రంగేశార్రా."

భూతద్దం పెట్టి చూశాను. అసలు పూతయితే పంచ్ కొట్టిన అక్షరం అంచు వేలికి గుచ్చుకుంటుంది. ఇది సబ్బులా జారింది. కేటలాగులో "అసలు ఫినిష్" కొట్టేసి "తర్వాత పాలిష్ చేసి మళ్లీ బ్లూయింగ్ చేసినది" అని రాశాను. అంచనా ధర ఇంకో మూడో వంతు పడిపోయింది. సాయంత్రం ఆ సంగతి చెప్తే నాన్న కాసేపు మాట్లాడలేదు.

"ఆవిడకెంత తగ్గిందిరా?"

చెప్పాను.

"రూపాయల్లో?"

అదీ చెప్పాను.

"ఆ ఫొటోలు నాకెందుకు పెట్టావురా," అన్నాడు.