కారవాన్‌ని లాగే డీజిల్ ఎస్‌యూవీ: మైలేజీ, మన్నిక

కారవాన్ (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తగిలించగానే మైలేజీ దాదాపు సగానికి పడిపోతుంది. మామూలుగా లీటరుకు 12 ఇచ్చే బండి 6–7 ఇస్తే కంగారుపడి మెకానిక్ దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. చదునైన హైవే మీద డీజిల్‌ని ఎక్కువగా మింగేది కారవాన్ నిటారు ముందుభాగం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 90 నుంచి 110కి వెళ్తే అదే సుమారు 50 శాతం పెరుగుతుంది. డబ్బాల్లో అమ్మే అడిటివ్‌లన్నిటికన్నా యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయడమే మేలు.

మన్నిక దగ్గరికొస్తే, ఇంజన్ కన్నా ముందు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి ఆలోచించండి. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు పైకీ కిందకీ ఊగిసలాడితే టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లాక్ మాటిమాటికీ వదిలేస్తుంది, ఆయిల్ కాగిపోతుంది. మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు తగ్గించి 2,000–2,500 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదన్న మాట కారవాన్‌ని లాగే బళ్లకు వర్తించదు. 60,000 కిలోమీటర్లకోసారి మార్చడం క్షేమం.

డీపీఎఫ్‌కి (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్‌కి) మాత్రం లాగుడు మంచిదే! ఎగ్జాస్ట్ బాగా వేడెక్కి మసి దానంతటదే కాలిపోతుంది. దాన్ని పూడ్చేసేవి రోజూ తిరిగే రెండేసి కిలోమీటర్లు. ఎత్తు ఎక్కి ఆగాక టర్బో చల్లారేదాకా ఒకట్రెండు నిమిషాలు ఇంజన్ ఆపకండి.