రుబీడియం పక్కన రాసిన 87

నిన్న రాత్రి పదకొండు గంటలకు, ఇరవై రెండేళ్ల నా అధ్యాపక జీవితంలో మొదటిసారి, నా ప్రయోగశాలలో రుబీడియం అనే లోహపు పరమాణువులు ఒకచోట నిలిచి వెలిగాయి. లేజర్ కాంతితో పరమాణువుల వేగం తగ్గించే ఈ మార్గాన్ని 1975లో హెన్ష్, షావ్‌లో అనే భౌతికశాస్త్రవేత్తలు సూచించారు. గది ఉష్ణోగ్రతలో సెకనుకు సుమారు 300 మీటర్ల వేగంతో పోయే పరమాణువుకు ఎదురొచ్చే ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) తగ్గించేది సెకనుకు 6 మిల్లీమీటర్ల వేగమే అయినా, వేలకొద్దీ ఫోటాన్లు తాకితే అది దాదాపు ఆగిపోతుంది.

780 నానోమీటర్ల లేజర్లను అమర్చడం, స్టీలు పాత్రను రోజుల తరబడి వేడిచేసి శూన్యం తేవడం నా పరిశోధక విద్యార్థులు చక్కగా చేశారు. నన్ను కుంగదీసింది గాజుగొట్టంలో వచ్చిన ఒక్క గ్రాము రుబీడియం. అది సుంకాల గిడ్డంగిలో పదకొండు వారాలు ఉండిపోయింది.

దరఖాస్తులో నేను 'రుబీడియం-87' అని రాశాను. ఇది రేడియోధార్మికమా అని అడిగారు. సహజ రుబీడియంలో దాదాపు 28 శాతం ఉండే ఆ ఐసోటోపు (ఒకే మూలకంలో వేరే బరువున్న రూపం) బీటా కణాలను వెలువరిస్తుంది కనుక అవునని రాసి, దాని అర్ధాయువు, అంటే అందులో సగం క్షయమయ్యేందుకు పట్టే కాలం, సుమారు 4,900 కోట్ల సంవత్సరాలని, విశ్వం వయసే 1,380 కోట్లని వివరించాను. అధికారి 'అవును' దగ్గరే ఆగిపోయారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, చివరకు నా విద్యార్థి ఎదుటే, "అణు పదార్థం తెప్పించుకుని చదువు పేరు చెబితే ఎలాగండీ, ప్రొఫెసర్ గారూ?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. 'కాదు' అని మార్చి రాయమని సుంకాల పని చూసే ఏజెంటు సలహా ఇచ్చాడు. నేను మార్చలేదు. తరగతిలో ఒకటి చెప్పి కాగితం మీద మరొకటి రాసేవాడికి భౌతికశాస్త్రం బోధించే అర్హత లేదు. గిడ్డంగి అద్దె నా జీతంలోంచే కట్టాను.

వేరొక పై అధికారి నా వివరణను చివరిదాకా చదివి, అరగంటలో సంతకం చేశారు. నాలాగా రుబీడియం తెప్పించుకునేవారికి నా మాట: మీరు తెప్పించేది సహజ లోహమైతే 'సహజ రుబీడియం లోహం' అనే రాయండి, అంకె అవసరం లేదు. విక్రేత ఇచ్చే భద్రతా పత్రాన్ని ఆర్డరు రోజే తీసుకోండి. ఏజెంట్లను నమ్మకండి.

నిన్న సీసీ కెమెరా తెర మీద శనగగింజంత తెల్లని చుక్క కనిపించింది. పరమాణువులను ఒకచోట పట్టి ఉంచే అయస్కాంత తీగచుట్టలకు కరెంటు ఆపితే చెదిరిపోయింది, ఇస్తే మళ్లీ వచ్చింది. ఆనాడు నాతో బల్ల మీద కూర్చున్న విద్యార్థి చేతే ఇరవై సార్లు ఆపించి, ఇప్పించి చూశాను.