మా జున్ను కొరుకుడు ఎంతవరకు తగ్గిందంటే

జున్ను గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చేసరికి దానికి ఎనిమిది వారాలు. నాటు కుక్కపిల్ల. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. ఆట మొదలైతే చాలు, సూదుల్లాంటి పాలపళ్లతో వేళ్లు, మడమలు, అమ్మ చీర కుచ్చిళ్లు, ఏది అందితే అది పట్టేసేది.

ముందు ఆటవస్తువు మార్చాను. పాత టర్కీ టవల్‌ని మూడు పీలికలుగా చింపి, జడ అల్లి, రెండు చివర్లా గట్టి ముడులు వేశాను. మూరెడు కన్నా పొడుగ్గా ఉండాలి. అప్పుడే దాని నోటికీ మన చేతికీ ఎడం ఉంటుంది. వట్టి చేతులతో దాన్ని ఎవరూ ఆడించకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం.

ఇక అసలు పద్ధతి. ఒంటికి పన్ను తగిలిందా, ఆట బంద్. చెయ్యి విసురుగా లాక్కోకూడదు, కదిలేదాని వెంటపడటం దాని నైజం. చెయ్యి కదపకుండా ఉంచి, అది వదలగానే ఏమీ మాట్లాడకుండా లేచి, వంటింటి గుమ్మానికి అడ్డంగా పెట్టిన చెక్క అవతలికి వెళ్లిపోవాలి. అర నిమిషం చాలు. మళ్లీ వచ్చి జడ అందుకోవాలి. తోడబుట్టిన పిల్లలతో ఆడేటప్పుడు అవి నేర్చుకునేదీ ఇదే. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. కొన్ని పిల్లలు ఆ అరుపు వింటే ఇంకా రెచ్చిపోతాయి, జున్ను ఆ రకం. అందుకే మేం నోరెత్తం.

"మూతి మీద ఒక్కటెయ్యండి, అదే మానుతుంది" అని చాలామంది చెప్పారు. నేను ఒప్పుకోను. దెబ్బలు తిన్న పిల్ల మనిషి చెయ్యి చూస్తేనే బెదురుతుంది. బెదిరిన కుక్క కరిస్తే అది ఆట కాదు.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం నిద్ర. ఈ వయసులో రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. మా ఇంట్లో టీవీ, పాప గోల, వచ్చేపోయే వాళ్లు, పైగా గుంటూరు ఎండ. సాయంత్రం ఆరయ్యేసరికి సోఫా చుట్టూ పిచ్చిగా పరుగెత్తి, కనబడ్డవాళ్లనల్లా పట్టేది. మధ్యాహ్నం నడిమి గదిలో కర్టెన్ వేసి, కూలర్ పెట్టి పడుకోబెట్టడం అలవాటు చేశాక ఆ తిక్క బాగా తగ్గింది.

ఇప్పుడు ముందుపళ్లు ఊడటం మొదలైంది. 28 పాలపళ్లు పోయి, ఆరేడు నెలలకల్లా 42 శాశ్వత పళ్లు వస్తాయి. చిగుళ్ల దురదకి తడిగుడ్డ మెలిపెట్టి ఫ్రీజర్‌లో ఉంచి ఇస్తున్నాను, దగ్గరే కూర్చుని. పక్కింటి పిన్నిగారు ప్రేమగా మటన్ బొమికలు పంపిస్తే దణ్ణం పెట్టి వద్దన్నాం. ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

పాపకి ఒకటే నేర్పాం: అది మీదికొస్తే పరిగెత్తకు, చేతులు కట్టుకుని నిలబడిపో. మొన్న ఆటలో జున్ను నోరు తెరుచుకుని పాప మణికట్టు దాకా వచ్చింది. ఆగింది. మూతి పక్కకి తిప్పి, కింద పడున్న జడని పట్టుకుంది. వెంటనే శభాష్ అని, ఉడికించిన చికెన్ ముక్క పెట్టాం.

ఒకమాట. పెంపుడు పిల్లదైనా సరే, పన్ను గీసుకుని రక్తం వస్తే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, డాక్టరుకి చూపించండి. దాని రేబిస్ టీకా మూడో నెలలో వేయించాం.

ఇంకా చుట్టాల సంగతి మిగిలింది. గుమ్మంలో చెప్పులు విప్పేవాళ్ల మడమల మీదికి పోతోంది. ఈ వారం నుంచి కాలింగ్ బెల్ మోగగానే మెడపట్టీకి తాడు తగిలిస్తున్నాం. వాళ్లు కూర్చున్నాక, నోటికి జడ ఇచ్చి అప్పుడు వదులుతున్నాం.