రబ్బరు చూశావా అమ్మా?

మే మొదటి వారంలో మా సోడా మెషీన్ మొరాయించింది. పూర్తిగా ఆగిపోలేదు. బటన్ నొక్కితే గ్యాసు వస్తోంది, సీసాలో బుడగలూ లేస్తున్నాయి. గ్లాసులో పోసుకుని తాగితే మాత్రం ఘాటు లేదు. రాత్రి మూత పెట్టడం మరిచిపోయి పొద్దున్నే తాగే సోడా ఎలా ఉంటుందో అలా ఉంది.

మేముండేది చెన్నైలో, విల్లివాక్కంలో. భోజనమయ్యాక మా మామగారికి ఒక గ్లాసు సోడా ఉండాలి, అందులో చిటికెడు ఉప్పు, అర చెక్క నిమ్మకాయ. ఆయన కోసమే మూడేళ్ళ కింద ఈ మెషీన్ కొన్నాం. కరెంటు అక్కర్లేని రకం. వెనక కార్బన్ డై ఆక్సైడ్ సిలిండరు, ముందు సీసా, పైన బటన్, అంతే. గ్యాసు అయిపోయిందేమో అనుకుని సిలిండరు మార్చాం. నిండు సిలిండరులో 425 గ్రాములుంటుంది. దాంతో 60 లీటర్ల దాకా చేసుకోవచ్చని అమ్మేవాళ్ళు చెబుతారు. మాకు ఘాటు ఎక్కువ కావాలి కాబట్టి అంత రాదు, అయినా నెలన్నర వచ్చేది. ఈసారి పది రోజులకే ఖాళీ. ఇంకోటి మార్చాం, అదీ అంతే. సర్వీసు సెంటరుకి ఫోన్ చేస్తే, మోడల్ పాతదైపోయింది, కొత్తది తీసుకోండి అన్నారు. చక్కగా నిలబడి ఉన్న వస్తువుని పారెయ్యమంటే నాకు మనసొప్పలేదు.

ఆ రాత్రి గూడూరుకి ఫోన్ చేశాను. మా నాన్న అక్కడ స్టేషన్ దగ్గర ముప్పై ఏళ్ళు గోళీ సోడా కొట్టు నడిపాడు. నేను సిలిండరు గురించి, సర్వీసు సెంటరు గురించి చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "అదంతా తర్వాత. రబ్బరు చూశావా అమ్మా?" అన్నాడు.

చూడలేదు. చిన్నప్పుడు ఆదివారాలు నా పనే అది, అయినా చూడాలని తోచలేదు.

గోళీ సోడా సీసాకి బయట మూత ఉండదు. మెడ లోపలి గాడిలో ఒక రబ్బరు వాషరు, దాని కింద గాజు గోళీ. నీళ్ళూ గ్యాసూ పట్టించి సీసాని తలకిందులు చేస్తే గోళీ జారి వాషరు మీద కూర్చుంటుంది, లోపలి ఒత్తిడి దాన్ని అక్కడే అదిమి పడుతుంది. ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. అందులో ఇనుము లేదు, మర లేదు, ఉన్నదంతా ఆ రబ్బరే. అది గట్టిపడితే సీసా రాత్రికి రాత్రి చప్పబడిపోతుంది. నాన్న వంచి ఇచ్చిన ఇనప తీగతో పాత వాషర్లు లాగి, కొత్తవి వేలితో మడిచి మెడలోకి తోసేదాన్ని. ఏది మార్చాలో తెలుసుకోవడానికి గోరే పరీక్ష. గోటితో నొక్కితే కొత్త రబ్బరు మీద గుంట పడి వెంటనే లేచిపోతుంది. ముసలి రబ్బరు మీద గుంట అలాగే నిలబడిపోతుంది.

మర్నాడు మెషీన్ వెనక తలుపు తీశాను. ముందు సిలిండరు విప్పి పక్కన పెట్టి, లోపల మిగిలిన గ్యాసు పోయేదాకా నాలుగైదుసార్లు బటన్ నొక్కాను. ఈ వరస తప్పకూడదు. 20 డిగ్రీల దగ్గరే ఆ సిలిండరులో ఒత్తిడి దాదాపు 57 బార్లు ఉంటుంది, కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర. అందుకే సిలిండరు వాల్వు జోలికి నేను వెళ్ళలేదు, మీరూ వెళ్ళకండి. సీసా బిగించే వైపు పని మాత్రమే మన చేతిది.

టార్చి వేసి చూస్తే, గ్యాసు దిగే సన్నటి గొట్టం చుట్టూ నల్లటి ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు చుట్టు, కనబడింది. సీసా మూతి వచ్చి ఆనేది దీనికే. దాని మీద గోధుమరంగు జిగురు పొరలా కట్టింది. గొట్టం కొసన కూడా అదే. వాసన చూశాను, నన్నారి షర్బత్! సెలవుల్లో పిల్లలు నీళ్ళలో ముందే షర్బత్ కలిపి బటన్ నొక్కారన్నమాట. పంచదార నీళ్ళలోకి గ్యాసు కొడితే నురగ పొంగి తలదాకా ఎక్కుతుంది. అది ఎండిపోయి రబ్బరుని పట్టేసింది. ఓ-రింగుని పళ్ళు కుట్టుకునే పుల్లతో తీశాను, సూది వాడితే గాడి గీరుకుపోతుంది. ఒకచోట వెంట్రుకంత పగులు. గోటితో నొక్కితే గుంట లేవలేదు. మేం కొన్న గ్యాసులో సగం నీళ్ళలోకి కాదు, ఈ పగులులోంచి వంటింటి గాల్లోకి పోయింది.

పాత రింగుని జేబులో వేసుకుని పారిస్ కార్నర్ బజారుకి వెళ్ళాను. ఓ-రింగుల కొట్టాయన తమిళంలో మొదలుపెట్టి, నా నెల్లూరు యాస వినగానే తెలుగులోకి వచ్చేశాడు. "దేనికమ్మా? నూనెకా, నీళ్ళకా, గ్యాసుకా?" అని అడిగాడు. తాగే నీళ్ళకండీ అన్నాను. అయితే నల్లది వద్దంటూ, తిండి సామాన్లకి వాడే సిలికాన్ రకం తీశాడు. లోపలి వ్యాసం, మందం రెండూ వెర్నియర్‌తో కొలిచి నాలుగు ఇచ్చాడు. ఒక్కోటి 15 రూపాయలు. మీ మెషీన్‌కి సైజు వేరే ఉండొచ్చు, పాతది పట్టుకెళ్ళడమే మంచిది.

గొట్టం కొసని గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నాననిచ్చి, మెత్తటి టూత్‌బ్రష్‌తో తుడిస్తే జిగురంతా వదిలింది. కొత్త రింగుకి కొబ్బరినూనె రాయనా అని మా అత్తగారు అడిగారు. వద్దన్నాను, నూనె కొన్ని రకాల రబ్బరుని ఉబ్బించేస్తుంది. నీళ్ళతో తడిపి గాడిలో కూర్చోబెట్టాను. నిండు సిలిండరు బిగించాక అతుకు చుట్టూ సబ్బు నురగ రాశాను, సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే. ఒక్క బుడగ కూడా లేవలేదు. సీసా పెట్టి బటన్ నొక్కితే, మూతి పక్కనుంచి వచ్చే ఆ బుస్సుమనే చప్పుడు పోయింది. మూడు నెలలుగా ఆ చప్పుడు వింటూ, మెషీన్ తీరే అంత అనుకున్నాను.

ఇప్పుడు కొన్ని పనులు వదలకుండా చేస్తున్నాను. నీళ్ళు ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెడతాను. 4 డిగ్రీల నీళ్ళలో, 30 డిగ్రీల నీళ్ళకంటే రెండింతలకు పైగా గ్యాసు కరుగుతుంది. మన ఎండల్లో బిందెలో నీళ్ళు పోసి ఎంత నొక్కినా దండగే. షర్బత్ గానీ నిమ్మరసం గానీ గ్యాసు పట్టించాకే గ్లాసులో కలపాలి, పిల్లలిద్దరి చేతా ఒకసారి చేయించి చూపించాను. ప్లాస్టిక్ సీసా మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, అది దాటాక ఎంత బాగా కనిపించినా వాడను. మరిగే నీళ్ళతో కడగను. సిలిండరుని నిలబెట్టే ఉంచుతాను, స్టవ్‌కి దూరంగా. పడుకోబెట్టి వాడితే లోపల ద్రవంగా ఉన్న గ్యాసే నేరుగా బయటికి వచ్చేస్తుంది.

గ్యాసు ఎంత మిగిలిందో ఊహించడం కూడా మానేశాను. లోపల ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి బటన్ నొక్కితే తెలియదు. బరువే చెప్పాలి. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే ఉంటుంది. పిండి తూచే కాటా మీద పెట్టి, అందులోంచి అది తీసేస్తే సరిపోతుంది. నాన్నకి ఈ మాట చెబితే, "నేను చేత్తో ఎత్తి చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నాడు. నిజమే, చెప్పేవాడు. ఆదివారం కంటి పరీక్షకి చెన్నై వస్తున్నాడు, ఈ సిలిండరూ ఎత్తి చూడమంటాను.

రింగు మార్చిన తేదీ ఒక ప్లాస్టరు ముక్క మీద రాసి తలుపు లోపల అంటించాను. మిగిలిన మూడు రింగులూ పోపుల డబ్బా పక్కన చిన్న సీసాలో ఉన్నాయి. నిన్న రాత్రి తూచాను. రింగు మార్చి ఇరవై ఆరు రోజులైంది, సిలిండరులో గ్యాసు ఇంకా 190 గ్రాములు ఉంది.