ఫొటోలో వెనక వైపు ఉండదు

మా అక్క కూతురికి పెళ్లి ఖాయమైన రోజు రాత్రే నా వాట్సాప్‌కి ఒక ఫొటో వచ్చింది. ఎవరో హీరోయిన్ తన రిసెప్షన్‌కి వేసుకున్న లెహంగా, కుంకుమ ఎరుపు, నిలువెల్లా జర్దోసీ, అంటే బంగారు తీగలతో కుట్టిన పని. కింద ఒకటే ముక్క: "పిన్నీ, నాకు ఇదే కావాలి." అచ్చంగా అదే కొనే స్తోమత మా ఇంట్లో ఎవరికీ లేదని దానికీ తెలుసు. "అలాంటిదే" చేసిస్తామన్న ఒక బోటిక్‌కి వెళ్లి అడిగితే లక్షా ఎనభై ఐదు వేలన్నారు. మా బావగారు ఏమీ అనలేదు, వాళ్లిచ్చిన మంచినీళ్లు గటగటా తాగేసి గ్లాసు కింద పెట్టారు. అప్పుడు నేను పెద్ద మొనగత్తెలా "నాకొదిలెయ్యండి, నేను చూసుకుంటా" అన్నాను.

అనడానికి కారణం ఉంది. పదిహేనేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. నా ఫోన్ గ్యాలరీలో మా పిల్లాడి ఫొటోల కంటే ఎవరెవరివో బ్లౌజుల వీపులే ఎక్కువ. సీరియల్లో కనబడితే స్క్రీన్‌షాట్, పెళ్లిలో కనబడితే "ఒక్కసారి అటు తిరగవా అమ్మా" అని బతిమాలి ఒక ఫొటో, అక్కడి నుంచి నేరుగా మా కూకట్‌పల్లి టైలరు మాస్టరు గారి దగ్గరికి. ఇందులో సిగ్గుపడాల్సిందేదో ఉందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మా అమ్మ కూడా పక్కింటావిడ జాకెట్టు ఒక రోజుకి అడిగి తెచ్చి, దాన్ని పాత పేపరు మీద పరిచి, చుట్టూ పెన్సిల్ గీసుకునేది. ఇప్పుడు జాకెట్టు అడగక్కర్లేకుండా ఫోన్ వచ్చింది, అంతే.

మాస్టరు గారు లెహంగా ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూశారు. ఇంకా పెద్దది చేశారు. ఎర్రగా, గళ్లు గళ్లుగా అలుక్కుపోయింది. "ఇది జర్దోసీనా, కట్ దానా పూసలా?" అన్నారు. తెలీదన్నాను. "కలీలు ఎన్నున్నాయి?" అంటే లెహంగాకి పక్కపక్కన కలిపి కుట్టే ముక్కలు. కుచ్చెళ్ల నీడల్ని పట్టుకుని లెక్కబెడితే నాకొకసారి పదహారు, ఆయనకి ఇరవై వచ్చాయి. తర్వాత ఆయన అడిగారు చూడండి, "వెనక వైపు ఫొటో ఉందా అమ్మా?"

లేదు. నెట్ మొత్తం గాలించినా లేదు, ఆ అమ్మాయి ప్రతి ఫొటోలోనూ ముందుకే తిరిగి నవ్వుతోంది. బ్లౌజులకైతే లోకమంతా వీపులే తీస్తుంది, లెహంగాకి వెనక ఏముందో ఎవరికీ పట్టదు.

సరే, ఊహించి కుట్టేద్దామనుకున్నాం. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో రా సిల్క్ మీటరు 850 చొప్పున ఆరు మీటర్లు, 5,100. లైనింగూ, లెహంగా ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే క్యాన్ క్యానూ కలిపి 1,800. బోర్డరుతో నెట్ దుపట్టా 4,200. మగ్గం వర్క్ 15,500. కుట్టుకూలి 4,000. మొత్తం 30,600. లక్షన్నర పైనే మిగిలింది కదా అని మా అక్క నన్ను లక్ష్మీదేవిని చూసినట్టు చూసింది.

మగ్గం పని ఎలా చేస్తారో చూడనివాళ్ల కోసం చెప్తున్నా. డిజైన్‌ని ముందు బటర్ పేపర్ మీద గీస్తారు, ఆ గీతల వెంబడి సూదితో సన్నగా చిల్లులు పొడుస్తారు, కాగితాన్ని బట్ట మీద పరిచి కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దితే చుక్కలు చుక్కలుగా డిజైన్ బట్ట మీద దిగుతుంది. కాపీ అనేది అంతవరకే, ఒక పూట పని. అసలుది ఆ తర్వాత మొదలవుతుంది. బట్టని నాలుగు కర్రల మధ్య బిగించి, నలుగురు కుర్రాళ్లు చుట్టూ చేరి, నడుం వంచి ఆరీ సూదితో రోజుల తరబడి కుట్టడం. మాస్టరు గారి దగ్గర కుట్టేవాళ్లు బెంగాల్ నుంచి వచ్చిన పిల్లలు. వాళ్లకి ఆ ఫొటో చూపించి, అంత పని ఒరిజినల్‌లా కుట్టడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగితే ఒకడు నవ్వి, "దీదీ, పెళ్లి ఎప్పుడు?" అన్నాడు. పదకొండు రోజులే టైముంది. కాబట్టి ముందు వైపు నిండా కుట్టి, వెనక అక్కడక్కడా చిన్న పూల బుటీలు వేసి సరిపెట్టారు. నేను డిజైన్ దగ్గర డబ్బు మిగిల్చాననుకున్నాను గానీ, మిగిలిందంతా ఆ పిల్లల చేతులు కుట్టని గంటల్లో మిగిలింది.

రిసెప్షన్‌లో అంతా బాగానే ఉంది, ఫొటోగ్రాఫర్ "మేడమ్, ఒక రౌండ్ తిరగండి" అనేదాకా. గిర్రున తిరిగింది. వీడియోలో ముందు నిండుగా, వెనక బోడిగా, మళ్లీ ముందు నిండుగా. ఆ తర్వాత రాత్రంతా పాపం దుపట్టాని వెనక్కి పరుచుకునే తిరిగింది. నన్నొక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. రెండు నెలలకే మా అపార్ట్‌మెంట్ల పిల్లల క్రికెట్ టోర్నమెంట్ వచ్చింది, మావాడి టీములో పదహారు మంది, జెర్సీలు వేయించే బాధ్యత నెత్తినేసుకున్నాను. మనిషికి మూడు వందల బడ్జెట్. 2023లో అడిడాస్ ఇండియా టీము జెర్సీలు తెచ్చినప్పుడు ఆటగాళ్లు వేసుకునేలాంటిది 4,999, దాని కింది రకం 2,999, ఫ్యాన్ జెర్సీ 999 పెట్టింది. ఫ్యాన్ జెర్సీ అయినా పదహారు కొంటే పదహారు వేలు. మా దగ్గర ప్రింటు షాపులో పేరూ నంబరూ వేసి 280కి ఇస్తానన్నాడు. వాడి కంప్యూటర్లో ఐపీఎల్ టీములన్నిటి డిజైన్లూ కోరల్‌డ్రా ఫైళ్లుగా సిద్ధంగా ఉన్నాయి. పిల్లలు ఆరెంజ్ మీద వేలు పెట్టారు, హైదరాబాద్ వాళ్లు ఇంకేం పెడతారు.

"లోగోలు ఉంచనా, తీసెయ్యనా మేడమ్?" అని అడిగాడు. చీపురు కావాలా చేట కావాలా అన్నంత మామూలుగా. తీసెయ్యమన్నాను. పిల్లలు నన్ను విలన్‌ని చూసినట్టు చూశారు. ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం ఇంకొకరి గుర్తు దొంగతనంగా వేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఆ శిక్ష గుర్తు ముద్రించేవాడికీ అమ్మేవాడికీ గానీ టీషర్ట్ తొడుక్కున్న ఎనిమిదో తరగతి పిల్లాడికి కాదనుకోండి, అయినా లోగో పెట్టడం అంటే నాకు అబద్ధం సంతకంలా ఉంటుంది.

ఇక్కడో చిన్న పనికొచ్చే ముక్క. జెర్సీ వేయించేటప్పుడు "సబ్లిమేషన్" అంటే పాలిస్టరే తీసుకోండి. రంగు దాదాపు 200 డిగ్రీల వేడిలో ఆవిరై దారంలోకి దిగిపోతుంది కాబట్టి ఉతికినా రాలదు, తడిమినా చేతికి తగలదు. కాటన్‌కి అది పట్టదు. కాటన్ మీద వేసిచ్చేది చాలావరకు స్టిక్కరే, కొన్నాళ్లు ఉతికితే బీటలు వారుతుంది. ఇంకోటి, సబ్లిమేషన్‌లో బట్ట మొదట తెల్లది, ప్రింటు పైన ఒక వైపే, లోపల తెలుపు తెలుపుగానే ఉంటుంది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మొదటి మ్యాచ్ రోజు పొద్దున గ్రౌండ్‌కి వెళ్లేసరికి అవతలి టీము కూడా ఆరెంజ్‌లో ఉంది. అదే షాపు, అదే ఫైలు, ఆఖరికి నంబర్ల అక్షరాలు కూడా అవే. ఎవడు ఎవడికి బాల్ విసురుతున్నాడో తెలీక రెండో ఓవర్లోనే గొడవ మొదలైంది, అంపైర్‌గా నిలబడ్డ ఆరో ఫ్లోర్ అంకుల్ మ్యాచ్ ఆపేసి, టాస్ ఓడినవాళ్లు చొక్కా తిరగేసి తొడుక్కోవాలని తీర్పిచ్చారు. మావాళ్లే ఓడారు. ఎండలో పదకొండు మంది, కుట్లు బయటికి కనబడుతూ, తెల్లగా, సున్నం కొట్టిన గోడల్లా నిలబడ్డారు. నా వెనక వైపు జాతకం అలా ఉంది.

ఆ రాత్రి కోపంతో కూర్చుని, అసలు ఇలా డిజైన్లు ఎత్తుకొచ్చుకోవడం గురించి కోర్టులు ఏమంటాయో చదివాను. అమెరికాలో ఏకంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, అదీ చీర్‌లీడర్ల యూనిఫాంల గురించి. వార్సిటీ బ్రాండ్స్ అనే పెద్ద కంపెనీ, స్టార్ అథ్లెటికా అనే చిన్న కంపెనీ, గొడవంతా యూనిఫాం మీది చారలూ వంకీలూ రంగు ముక్కలూ ఎవరివి అని. 2017 మార్చిలో 6-2 తేడాతో పెద్ద కంపెనీ గెలిచింది. బట్ట మీది బొమ్మని బట్ట నుంచి విడదీసి విడిగా ఊహించుకోగలిగితే దానికి కాపీరైట్ ఉండొచ్చన్నారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, అదే ఆకారం, అదే కట్, అదే కొలతలతో వేరేవాళ్లు యూనిఫాం కుట్టుకుంటే ఆపలేరు అని. చదివి మా అమ్మ పాత పేపరు, పెన్సిల్ గుర్తొచ్చాయి. అమెరికా సుప్రీంకోర్టు మా అమ్మని వదిలేసినట్టే.

మన దగ్గర లెక్క వేరు. డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టర్ చేయించుకుంటే పదేళ్లు, ఆ పైన పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు రక్షణ. చేయించుకోకపోతే, కాపీరైట్ చట్టం 15(2) ప్రకారం, ఆ డిజైన్‌తో సొంతదారే యాభై కంటే ఎక్కువ బట్టలు మిషన్ల మీద తయారు చేసేసరికి కాపీరైట్ పోతుంది. రీతూ కుమార్ అనే డిజైనర్ బట్టల బ్రాండు వాళ్లు బీబా అనే ఇంకో బట్టల బ్రాండు మీద వేసిన కేసు 2016లో ఢిల్లీ హైకోర్టులో వీగిపోయింది ఇక్కడే. అంత పేరున్న వాళ్లే ఓడిపోతే మన వీధి బోటిక్ అమ్మాయి ఏం రిజిస్టర్ చేయిస్తుంది, పండక్కో డిజైన్ మారుతుంటే.

చట్టం సంగతి పక్కన పెడితే నాకు బాధ కలిగించే కాపీ వేరే ఉంది. పెద్ద డిజైనర్ లెహంగాని మాస్టరు గారు అనుకరిస్తే ఆ డిజైనర్‌కి పోయేదేమీ లేదు, మేం ఎలాగూ కొనేవాళ్లం కాదు. పైగా వాళ్లూ తక్కువేం కాదు. 2021లో పెద్ద డిజైనర్ సబ్యసాచి, హెచ్ అండ్ ఎం అనే విదేశీ బట్టల కంపెనీ కలిసి 9,999 రూపాయల చీర తెస్తే పెట్టగానే అయిపోయింది, ఆ వెంటనే హస్తకళల సంస్థలు బహిరంగ లేఖ రాశాయి, మన హస్తకళల అందం వాడుకున్నారు గానీ ఆ పని చేసే చేతులకి పని ఇవ్వలేదని.

మన పోచంపల్లిది అదే కథ, ఇంకా ఘోరంగా. 2005లోనే భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు అక్కడ నేసినవాటికే చెల్లుతుందన్న హక్కు, వచ్చింది, కొన్ని రకాల చీరల్ని మరమగ్గం మీద నేయకూడదని 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది, అయినా బజార్లో "పోచంపల్లి" అని ఏడెనిమిది వందలకి ప్రింటు చీర దొరుకుతూనే ఉంటుంది. నేనూ ఒకటి కొన్నాను, ఒప్పుకుంటున్నా. చీర నేయకముందే నూలుని చిటికీ కట్టి, అంటే అక్కడక్కడా బిగించి కట్టి, రంగుల్లో అద్దాలి, దానికంటే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకి దారాన్ని మేకుల చుట్టూ దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పడం. అది తిప్పీ తిప్పీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అమ్మ పేరే యంత్రానికి. ప్రింటు చీర ఆ తొమ్మిది వేల తిప్పుళ్లనీ ఒక రోలర్‌తో దాటేస్తుంది, పైగా ఆ పేరు చెప్పుకునే అమ్ముడుపోతుంది. మేం కాపీ కొట్టిన లెహంగా దగ్గర ఎవరి కూలీ ఎత్తుకుపోలేదు, కనీసం మాస్టరు గారి పిల్లలకి పదకొండు రోజుల పని దొరికింది. ఇక్కడ మాత్రం నేతవాడి పని నేతవాడి పేరుతోనే పోతోంది.

తేడా కనిపెట్టాలంటే చీర తిరగేసి చూడండి. నూలుకే రంగు వేసి నేసింది కాబట్టి అసలు పోచంపల్లి ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల దగ్గర రంగు కొద్దిగా చెదిరినట్టు ఉంటుంది. ప్రింటు చాలాసార్లు వెనక వెలవెలబోతుంది. ఇప్పుడు నాకిదో జబ్బయింది, ఏ షాపుకెళ్లినా ముందు వెనక వైపే చూస్తున్నాను, సేల్స్ అమ్మాయిలు విచిత్రంగా చూస్తున్నారు.

జెర్సీల కథ ఇంకా కొంచెం ఉంది. తర్వాతి టోర్నమెంట్‌కి మావాళ్లు పౌరుషానికి పోయి సొంతంగా గీసుకున్నారు. ఎండాకాలం మా నిజాంపేటలో అందరికీ తెలిసిన బొమ్మ, నీళ్ల ట్యాంకర్. గుండె మీద ట్యాంకర్, దాని పైపు భుజం మీదుగా వీపు మీదికి వెళ్లి నంబరు చుట్టూ చుట్టుకుంటుంది. గీసినవాడు ట్యాంకర్‌కి ఒక చక్రం మర్చిపోయాడు, ప్రింటయ్యాక గానీ ఎవరూ చూడలేదు. పదహారు వేయించాం.

పోయిన ఆదివారం బాచుపల్లి గ్రౌండ్‌కి వెళ్తే అక్కడెవరో మాకు తెలీని కుర్రాళ్లు నీలం జెర్సీల్లో ఆడుతున్నారు. గుండె మీద ట్యాంకర్. భుజం మీద పైపు. దగ్గరికెళ్లి చూశాం, ఒక చక్రం లేదు. షాపువాడు మా ఫైలుని కూడా తన కేటలాగ్‌లో కలిపేశాడన్నమాట.

మావాడు కాసేపు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని లాగాడు. "అమ్మా, మనం వేయించింది పదహారే కదా. యాభై దాటలేదు కదా?"